తడిస్తేనే బిగిసే పడవ

సరస్సు విహారానికని 1920ల నుంచి 1960ల దాకా అమెరికాలో తయారైన చిన్న చెక్క మోటారు పడవలకు రనబౌట్లని పేరు. ముందు పొడవాటి డెక్కు, దాని వెనక మెత్తటి తోలు సీట్లు, మధ్యలో మూత కింద కారు ఇంజను లాంటి ఇంజను, అద్దంలా మెరిసే ఎర్రటి పక్కలు. వీటిని కొని బాగుచేయించుకుని నడుపుకునేవాళ్లు అక్కడ ఇప్పటికీ వేలల్లో ఉన్నారు.

ఈ పడవలకు పుట్టినిల్లు మిషిగన్ రాష్ట్రంలో, సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున ఉన్న అల్గోనాక్. క్రిస్ స్మిత్ తన కొడుకులతో కలిసి 1922లో అక్కడ మొదలుపెట్టిన కంపెనీయే తర్వాత క్రిస్-క్రాఫ్ట్ అయింది. మొదటి ప్రపంచయుద్ధంలో మిగిలిపోయిన విమానం ఇంజన్లు చౌకగా దొరకడం తొలి పడవలకు కలిసొచ్చింది. అదే ఊళ్లో పడవలు కట్టించిన గార్ వుడ్ 1932లో నాలుగు ప్యాకార్డ్ ఇంజన్లు బిగించిన ‘మిస్ అమెరికా ఎక్స్’ను గంటకు 124.86 మైళ్ల వేగంతో నడిపాడు. ఇటలీలో ఇసెయో సరస్సు ఒడ్డున కార్లో రీవా కట్టిన పడవలది మరో సంప్రదాయం. 1962లో వచ్చిన ఆక్వారామా అందులో పేరుమోసినది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫైబర్‌గ్లాస్ వచ్చింది. దానికి వార్నీషు అక్కర్లేదు, పుచ్చు పట్టదు. 1970ల మొదట్లో క్రిస్-క్రాఫ్ట్ కూడా చెక్క పడవలు మానేసింది. పాతవి కొట్టాల్లో పడి ఎండిపోయాయి. పాత పడవల అభిమానులు 1975లో సంఘం పెట్టుకున్నారు. 1981లో వచ్చిన ‘ఆన్ గోల్డెన్ పాండ్’ సినిమాలో కనిపించిన క్రిస్-క్రాఫ్ట్ ఆ మోజును ఇంకా పెంచింది.

పడవ అస్థిపంజరం ఓక్ కలపతో ఉంటుంది. దాని మీద బిగించే పలకలు చాలావాటిలో ఫిలిప్పీన్స్ మహాగనివి. పేరుకు మహాగనే గానీ అది అసలు మహాగని కాదు; మన ఉత్తరాంధ్ర అడవుల్లోని గుగ్గిలం చెట్టు కుటుంబానిది. అడుగుభాగం రెండు పొరలు: లోపలి పలకలు ఏటవాలుగా, బయటివి పొడవునా, మధ్యలో జిగురు ముద్దతో తడిపిన గుడ్డ. నీళ్లు లోపలికి రాకుండా ఆపేది ఆ గుడ్డ ఒక్కటే కాదు. పలకలు నీటిలో ఉబ్బి ఒకదాన్నొకటి ఒత్తుకోవడం వల్లే సందులు మూసుకుంటాయి. వదులైన గొడ్డలి కామను నీళ్లలో నానబెడితే బిగుసుకున్నట్టే.

చెక్కను పాడుచేసేది సరస్సు నీరు కన్నా వాననీరు. డెక్కు సందుల్లోంచి దిగి, గాలి ఆడని మూలల్లో నిలిచిపోయి, బూజును పెంచుతుంది. అందుకే పడవ కొనేటప్పుడు తెలిసినవాళ్లు వార్నీషు మెరుపు చూసి మురిసిపోరు. స్క్రూడ్రైవరు పిడితో అడుగు పలకలను తట్టుకుంటూ పోతారు. గట్టి చెక్క టంగుమంటుంది, పుచ్చినది మొద్దుగా పలుకుతుంది.

మరమ్మతు అడుగునుంచే మొదలవుతుంది. పడవను తలకిందులు చేసే ముందు ఆకారం వంగిపోకుండా లోపల అడ్డ కర్రలు బిగిస్తారు. పాత పలకలను చెక్కు చెదరకుండా ఊడదీస్తే అవే కొత్తవాటికి అచ్చులు. వంపు తిరగాల్సిన పలకకు ఆవిరి పట్టి, వేడి ఆరకముందే చట్రానికి బిగిస్తారు. పాత ఇత్తడి స్క్రూలు జింకు కోల్పోయి పెళుసుబారి ఉంటాయి కాబట్టి వాటి స్థానంలో కంచువి వేస్తారు. ప్రతి స్క్రూ తల మీదా చిన్న చెక్క బిరడా. దాని చారలు పలక చారలతో కలిసేలా తిప్పి అతికించి, ఉలితో చెక్కి చదును చేస్తారు. పనివాడి ఓపిక ఈ బిరడాల్లోనే తెలిసిపోతుంది.

తర్వాత చెక్క రంధ్రాలను పూడ్చే ఎర్రటి రంగు ముద్ద, ఆపైన పదికి తగ్గకుండా వార్నీషు పూతలు. పూత పూతకూ మధ్య ఉప్పుకాగితంతో రుద్దాలి. దుమ్ము లేవకుండా గది నేల తడిపి ఉంచుతారు.

అభిమానుల మధ్య అసలు వాదం అడుగు గురించే. లోపలి పొరకు ప్లైవుడ్, మధ్యలో గుడ్డకు బదులు పాలీయురథేన్ జిగురు వాడితే పడవను నానబెట్టే పనే ఉండదు, చాలాకాలం మన్నుతుందని కొందరంటారు. నీళ్లలో ఉబ్బని అడుగు పాత పడవది ఎలా అవుతుందని మరికొందరంటారు. పడవ పూర్వాపరాలు తేల్చడానికి మాత్రం కాగితం ఉంది. క్రిస్-క్రాఫ్ట్ ప్రతి పడవకూ ఒక కార్డు రాసింది. నంబరు, ఇంజను, రంగులు, ఏ డీలరుకు పంపిందీ అందులో ఉంటాయి. అవి వర్జీనియాలోని మెరైనర్స్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

నడపడంలోనూ పద్ధతులున్నాయి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి పడవ అడుగున చేరుతుంది. ఇంజను పెట్టె తెరిచి వాసన చూసి, ఫ్యాను కాసేపు తిప్పాకే తాళం తిప్పాలి. చలికాలానికి ముందు ఇంజనులోని నీళ్లు వంపేయాలి, లేకపోతే అవి గడ్డకట్టి ఇనుమును పగలగొడతాయి. వసంతంలో పాత పద్ధతి అడుగున్న పడవను నీళ్లలో దించుతారు గానీ దాన్ని మోసే పట్టీలు విప్పరు. సందుల్లోంచి నీరు ఊరుతుంది, పంపు తోడుతూనే ఉంటుంది. చెక్క ఉబ్బేకొద్దీ పంపు ఆగి ఉండే వ్యవధి పెరుగుతుంది. ఒకటి రెండు రోజులకు ఊట దాదాపు ఆగిపోతుంది. అప్పుడు పట్టీలు తీస్తారు.