గీత దాటినవాడు

రాహుల్ చౌదరి తెలుగు టైటాన్స్‌ను విడిచి వెళ్ళాడా, లేక తెలుగు టైటాన్సే అతణ్ణి వదులుకొన్నదా? ప్రశ్న పాతది. 2019 వేసవిలో పుట్టింది. తక్కినచోట్ల ఎప్పుడో చల్లారిపోయి ఉంటుంది గాని, మా ముంచింగిపుట్టులో మాత్రం వాన పడి, కరెంటు పోయి, నలుగురు టీ కొట్టు చూరు కింద చేరారంటే చాలు, ఎవరో ఒకరు దాన్ని మళ్ళీ రాజేస్తారు. ఇప్పుడు గొంతు చించుకొని వాదించేవాళ్ళలో కొందరు ఆనాటికి పలకాబలపం పట్టిన పిల్లలు. అయినా పక్షాలు చెదరలేదు. అన్నల చొక్కాలు తమ్ముళ్ళకు వచ్చినట్టు అవి కూడా ఇంటింటా సంక్రమిస్తున్నాయి.

ముంచింగిపుట్టు ఎక్కడుందని అడగబోయే మిత్రుల కోసం రెండు ముక్కలు. పాడేరు నుంచి పెదబయలు దాటి ఇంకా పైకి వస్తే మా మండలం. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లా, ఆ తరువాత అల్లూరి సీతారామరాజు జిల్లా. ఆ పక్క ఒడిశా. మాచ్‌ఖండ్ విద్యుత్తుకు నీళ్ళిచ్చే జోలాపుట్ జలాశయం మా పొరుగునే ఉన్నది (ఆ కరెంటు మాకే ఎందుకు నిలవదని అడగకండి, అది వేరే టపా). సంతనాడు ఇక్కడ తెలుగు, ఆదివాసీ ఒడియా, కువి ఒకే బేరంలో కలగలిసి వినబడతాయి. క్రికెట్టుకు కాస్త విశాలమైన చదునైన నేల కావాలి. కొండల్లో అదే కరువు. చెడుగుడుకైతే కోత అయిపోయిన ఒక చోడి మడి, గీత గీయడానికి గుప్పెడు బూడిద, గుండెల్లో ఊపిరి చాలు. అందుచేత ప్రొ కబడ్డీ లీగ్ మొదలైన 2014 నుంచి ఇక్కడి కుర్రవాళ్ళకు అది టీవీలో చూసే వినోదం మాత్రమే కాలేదు. తమ ఆటను ఎవరో దీపాల వెలుగులో, మెత్తని పరుపు మీద, చెమటను కూడా అందంగా చూపిస్తూ ఆడుతున్నారు! విశాఖ ఇండోర్ స్టేడియంలో టైటాన్స్ ఆడినప్పుడు, ఘాటు దిగి బస్సుల్లో వెళ్ళి చూసి, మర్నాడు మధ్యాహ్నానికి తిరిగివచ్చి, వారం రోజులు అదే చెప్పుకొన్నవాళ్ళు ఉన్నారు.

ఆ జట్టులో తెలుగువాళ్ళు ఎందరని లెక్కపెట్టే అలవాటు ఇక్కడివాళ్ళకు లేదు. రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ ప్రాంతం. అతనికి తెలుగు రాదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. (ఇక్కడ సగం మందికి ఇంట్లో మాట్లాడే భాష కూడా తెలుగు కాదు కదా.) అతను కూతకు వెళ్ళే తీరు వాళ్ళకు అర్థమయింది. గీత దాటగానే తొందరపడడు. ఎదుటి ఏడుగురినీ ఒకసారి కలయజూసి, ఎవరి కాలు ముందుకు పడిందో కనిపెట్టి, చేయి ఒకవైపు చాచి దేహాన్ని మరొకవైపు తిప్పేస్తాడు. ముప్ఫై సెకన్ల వ్యవధిలో అంత తీరిక ఎక్కడి నుంచి తెచ్చుకొనేవాడో! మొదటి సీజన్ నుంచి ఆరవ సీజన్ వరకు, వరుసగా ఒకే జట్టు చొక్కా. 2015లో టైటాన్స్ మూడవ స్థానంలో నిలిచింది. 2016 నాలుగవ సీజన్లో 146 రైడ్ పాయింట్లతో లీగ్ మొత్తానికి అగ్రస్థానం అతనిదే. కప్పు మాత్రం ఎన్నడూ రాలేదు.

ఇక వేలం సంగతి. ఇది తెలియకపోతే తగవు అర్థం కాదు. సీజన్ ముగిశాక ప్రతి జట్టు కొందరిని అట్టేపెట్టుకొంటుంది, తక్కినవారు వేలానికి వెళతారు. వేలంలో వేరే జట్టు ఎంత ధర పలికినా, పాత జట్టుకు ‘ఫైనల్ బిడ్ మ్యాచ్’ అనే కార్డు ఒకటి ఉంటుంది. అదే ధర మేమూ ఇస్తామని ఆ కార్డు ఎత్తితే ఆటగాడు పాత జట్టుకే వస్తాడు. 2018 మే వేలంలో దబంగ్ ఢిల్లీ రాహుల్‌కు 1 కోటి 29 లక్షలు పలికింది. టైటాన్స్ కార్డు ఎత్తింది. 2014లో మొట్టమొదటి వేలంలో అందరికన్నా ఖరీదైన రాకేశ్ కుమార్ ధర 12 లక్షల 80 వేలు. నాలుగేళ్ళలో ఆట విలువ ఎక్కడికి వెళ్ళిందో చూడండి. ఆ రాత్రి ఇక్కడ టపాకాయలు కాల్చారు. దీపావళికి దాచుకొన్నవి కావు, అప్పటికప్పుడు కొన్నవి.

మరుసటి యేడు, 2019 ఏప్రిల్ వేలంలో తమిళ్ తలైవాస్ రాహుల్‌కు 94 లక్షలు పలికింది. ఈసారి టైటాన్స్ కార్డు ఎత్తలేదు. ఆ వేలంలోనే సిద్ధార్థ్ దేశాయ్‌ని 1 కోటి 45 లక్షలకు కొన్నది.

పక్షాలు ఇక్కడే చీలాయి. ఒక పక్షానికి పెద్ద, జీపు నడిపే కుర్రవాడు. వాడి వాదం లెక్కల వాదం. "మాస్టారూ, ఆరు సీజన్లు అతని మీద నడిపారు. కప్పు వచ్చిందా? రైడర్ మోకాళ్ళు జీపు టైర్లలాంటివి. అరిగాక అదే ధరకు ఎవడు కొంటాడు?" రెండవ పక్షం వాడు కాఫీ తోట ఉన్నవాడు, వరసకు వీడికి బావ. "నీ జీపు ఆరేళ్ళు నీకు అన్నం పెడితే, ఏడో యేడు దాన్ని సంతలో నిలబెట్టి వెల కట్టిస్తావేటిరా?" అని వాడి ప్రశ్న. కట్టిస్తానని మొదటివాడి జవాబు. రెండు పక్షాలకూ చెందని మూడవ గుంపు ఒకటి ఉండేది. వాళ్ళ కోపం రాహుల్ మీద. "తెలుగు జట్టును వదిలి తమిళ జట్టుకు పోయాడు, ద్రోహి!" అనేవాళ్ళు. ఈ మూడవ గుంపుతోనే నాకు పేచీ. వేలం పాటలో ‘ఫలానా జట్టుకు వెళ్ళను’ అనే కార్డు ఆటగాడి చేతిలో లేదు. ఉన్న ఒక్క కార్డూ జట్టు చేతిలో ఉన్నది. ఎత్తవలసినవాడు ఎత్తలేదు, ద్రోహి అన్న మాట మాత్రం కార్డు లేనివాడి నెత్తిన పడింది.

2019 జూలై 21. గచ్చిబౌలిలో సీజన్ రెండవ రోజు. రాహుల్ తలైవాస్ చొక్కా తొడుక్కొని, తనకు జేజేలు పలికిన హైదరాబాదు జనం ముందుకే వచ్చాడు. 12 పాయింట్లు తెచ్చాడు. తలైవాస్ 39, టైటాన్స్ 26. ఇక్కడ చూరు కింద ఎవరూ ఏమీ అనలేదు. అతను మొదటి పాయింటు తెచ్చినప్పుడు వెనుక బెంచీ మీది నుంచి అలవాటు కొద్దీ రెండు చప్పట్లు వినబడి, చటుక్కున ఆగిపోయాయి. తక్కిన కథ చిత్రం. ఆ సీజన్ ముగిసేసరికి పన్నెండు జట్లలో టైటాన్స్ పదకొండవది, తలైవాస్ పన్నెండవది. కొన్నవాడికీ లాభం లేదు, వదులుకొన్నవాడికీ లేదు. 2021లో రాహుల్ ధర 40 లక్షలు, జట్టు పుణేరి పల్టన్. ఆ మరుసటి యేడు జైపూర్ పింక్ పాంథర్స్‌లో ఉండగా ఆ జట్టు కప్పు గెలిచింది. ఎనిమిదేళ్ళకు దక్కిన కప్పు. కాఫీ తోట బావ ఆ రాత్రి అందరికీ టీ పోయించాడు, జీపువాడితో సహా.

ఈ ముచ్చట ఒకసారి అమెరికాలో ఉన్న పాత మిత్రుడికి ఫోనులో చెబితే నవ్వి, మా ఊళ్ళోనూ ఇదే గొడవ అన్నాడు. అక్కడి ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్ అని ఒకడుంటాడట. బంతిని చంకనబెట్టుకొని ప్రత్యర్థుల గుంపులోకి చొచ్చుకుపోవడం వాడి పని. మన రైడర్‌కు దూరపు చుట్టం. అందరికన్నా ఎక్కువ దెబ్బలు తినేదీ, అందరికన్నా త్వరగా అరిగిపోయేదీ వాడే. వాళ్ళకూ మన కార్డులాంటిది ఒకటి ఉన్నది: ‘ఫ్రాంచైజ్ ట్యాగ్’. ఒప్పందం ముగిసినా ఒక యేడు మాతోనే ఆడాలని జట్టు ముద్ర వేయవచ్చు. 2018లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆటగాడు లెవియాన్ బెల్ ఆ ముద్రను ఒప్పుకోక సీజన్ మొత్తం ఇంట్లో కూర్చొన్నాడు. కోటీ నలభై లక్షల డాలర్లకు పైగా వదులుకొన్నాడు! 2024లో సాక్వాన్ బార్క్లీ న్యూయార్క్ జెయింట్స్ నుంచి ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కు వెళ్ళి, అక్టోబరులో పాత జట్టు మైదానంలోనే 176 గజాలు పరుగెత్తాడు. ఈగిల్స్ 28, జెయింట్స్ 3. జనం అతణ్ణి చూసి అల్లరి చేశారట. ఆ సీజన్ చివర సూపర్ బౌల్ గెలిచిన జట్టులో అతనున్నాడు. గచ్చిబౌలికీ న్యూయార్కుకూ తేడా ఇంతే అనిపించింది: అక్కడ ఆటగాడు కాదనగలడు, కాదన్నందుకు ఎంత నష్టమో లెక్క కట్టగలడు.

బెల్ కథను మర్నాడు చూరు కింద చెప్పాను. అప్పుడు మూలన కూర్చొని చుట్ట కాలుస్తున్న తాత నోరు విప్పాడు. ఆయనకు కబడ్డీ గొడవ పట్టదు. "డబ్బులిచ్చి కట్టేసుకుంటే దాన్ని గోతి అనేవారు, మాస్టారూ" అన్నాడు. కుర్రవాళ్ళకు ఆ మాట తెలియదు. ఈ కొండల్లో, కొరాపుట్ వైపు కూడా, అప్పు తీర్చలేనివాడు షావుకారు దగ్గర పాలేరుగా పడి ఉండడాన్ని గోతి అనేవారు. పెళ్ళికి ఓలి ఇవ్వడానికో, చావు ఖర్చుకో తీసుకొన్న చిన్న మొత్తానికి మనిషి యేళ్ళకు యేళ్ళు ఒదిగి ఉండేవాడు. కొన్నిచోట్ల కొడుకు కూడా. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో ఋణదాస్యాన్ని రద్దు చేస్తూ రెగ్యులేషన్ తెచ్చింది. 1976లో దేశమంతటికీ చట్టం వచ్చింది. (తెలుగులో గోతికి ఉన్న మరో అర్థం కూడా ఇక్కడ పెద్దగా తప్పు కాదు.) జీపువాడు ఊరుకోలేదు. "కోటి రూపాయలిస్తే నేనూ గోతికి పోతాను తాతా!" అన్నాడు. అందరం నవ్వాము. తాత కూడా నవ్వాడు. నవ్వి, "పోరా, ఫరవాలేదు. రానంటే ఇంటికి పోనిస్తారో లేదో ముందు అడుగు" అన్నాడు.

కోట్లు పుచ్చుకొనే ఆటగాణ్ణి బానిసతో పోల్చడం అన్యాయమని నాకు తెలుసు. అసలు గోతిలో మగ్గినవాళ్ళకే ఆ అన్యాయం. కానీ తాత మాటను పూర్తిగా తోసిపుచ్చలేకపోవడానికి ఒక కారణం ఉన్నది.

మా బడిలో చదివి వెళ్ళిన కుర్రవాడొకడు చక్కని రైడర్. నాలుగేళ్ళ కిందట సంక్రాంతి పోటీల్లో తన ఊరికి కాక అవతలి ఊరి జట్టుకు ఆడాడు. వాళ్ళు రెండు వేలు ఇచ్చారు. సెమీఫైనల్లో వాడి కూతకు ఓడినది వాడి ఊరే. గట్టు మీద నిలబడ్డ ఆ ఊరివాళ్ళు అన్న మాటలు ఇక్కడ వ్రాయదగినవి కావు. ఎందుకు వెళ్ళావురా అని అడిగితే, "మా ఊరు ఆడమన్నాది మాస్టారూ. ఆళ్ళు ఆడతావా అని అడిగారు" అన్నాడు. రాహుల్‌ను గురించి ఇన్నేళ్ళ వాదనల్లోనూ నేను వినని మాట అది. ఫైనల్లో వాణ్ణి ముగ్గురు ఒకేసారి పట్టారు. మోకాలు మెలి తిరిగింది. కప్పు తీసుకొన్న ఊరు పటం దిగి, డప్పులతో వెళ్ళిపోయింది. వాడి సొంత ఊరి కుర్రవాళ్ళే, మధ్యాహ్నం తిట్టిన నోళ్ళే, మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకొని పాడేరు ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. దారి పొడుగునా తిడుతూనే ఉన్నారట. "ఘాటులో మలుపు మలుపుకీ ఒక తిట్టు, మాస్టారూ" అని వాడే చెప్పాడు, కాస్త గర్వంగా. ఇప్పుడు వాడు కూతకు వెళ్ళడు. మూలన నిలబడి, వచ్చినవాళ్ళ చీలమండలు పడతాడు. సొంత ఊరికే.

విధేయత అన్న మాట టీవీలో వినబడినప్పుడల్లా ఆ మోటారు సైకిలు కళ్ళ ముందు కదులుతుంది. ఆటగాడి మోకాలికి వెల కట్టేవాళ్ళు వేరు, దాన్ని మోసేవాళ్ళు వేరు. మొదటివాళ్ళు విధేయతను అడిగితే నాకు నవ్వు వస్తుంది. రెండవవాళ్ళు అడిగితే నవ్వలేను, వాళ్ళ తిట్లు ఎంత మోటుగా ఉన్నా సరే.

టైటాన్స్ మళ్ళీ అదే ఆట ఆడింది. 2023 అక్టోబరులో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. అంతవరకు లీగ్‌లో ఎవరికీ అంత ధర లేదు. అతను 202 రైడ్ పాయింట్లు తెచ్చినా 22 ఆటల్లో జట్టు గెలిచినవి రెండే. 2024లో కార్డు ఎత్తి 1 కోటి 72 లక్షల 50 వేలకు నిలుపుకొన్నది. 2025లో ఎత్తలేదు. 59 లక్షల 50 వేలకు అతను వెళ్ళిన జట్టు ఏదంటారు? తమిళ్ తలైవాసే! 2025 ఆగస్టు 29న సీజన్ మొదలైనది విశాఖలో, మొదటి ఆట ఆ రెండు జట్లకే. 38-35తో తలైవాస్ గెలిచింది. కొద్ది వారాలకే తలైవాస్ పవన్‌ను జట్టు నుంచి పంపివేసింది. కారణం మీద ఇరుపక్షాల మాటలు కలవలేదు.

జీపువాడు, బావ కలిసి విశాఖ వెళ్ళి ఆ మొదటి ఆట చూశారు. పవన్ గీత దాటినప్పుడు మీరిద్దరూ ఏం చేశారని అడిగాను. జీపువాడు ఈల వేశాడట. బావ తన పాత టైటాన్స్ చొక్కా తొడుక్కొని వెళ్ళాడు, వీపున రాహుల్ పేరు ఉన్నది. వెనుక వరుసలో ఎవరో, "ఎవరి పక్షమయ్యా నువ్వు?" అని అడిగారట. "కండక్టరు కూడా అదే అడిగాడు" అన్నాడు బావ.

పెద్ద పేర్లు లేకుండా, విజయ్ మలిక్ నాయకత్వంలో టైటాన్స్ ఆ సీజన్లో రెండవ క్వాలిఫయర్ వరకు వెళ్ళి పుణేరి పల్టన్ చేతిలో ఓడింది. ఓడిన వారంలోపే మలిక్‌ను అట్టేపెట్టుకోవాలా, వేలానికి వదిలి కార్డు ఎత్తాలా అని చూరు కింద రెండు పక్షాలు తయారయ్యాయి. ఈసారి జీపువాడు అట్టేపెట్టుకోవాలన్న వైపు చేరాడు. తాత మాత్రం ఏ పక్షమో చెప్పలేదు. చుట్ట వెలిగించుకొని, అగ్గిపెట్టె నా వైపు తోశాడు.