పాత వినియోగదారుడి ధర

పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో ఇంట్లో ఇంటర్నెట్ ఆగితే నా పని ఆగిపోతుంది. ఆ సంగతి నాకు బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే సంస్థకూ తెలుసు. ఏడాదికి ఒకేసారి డబ్బు కట్టిన పథకం గడువు తీరడానికి మూడు రోజుల ముందు సందేశం వచ్చింది. ఈసారి నెలకు దాదాపు రెండువందల రూపాయలు ఎక్కువట. వేగం అదే, తీగ అదే, గోడమీద మిణుకుమిణుకుమనే పెట్టె అదే. 18 శాతం జీఎస్టీ మాత్రం పెరిగిన మొత్తం మీద.

పెరుగుదల నన్నంతగా బాధించలేదు. కూరగాయలూ పెరిగాయి, ఇంటి అద్దే పెరిగింది. కింది వాటాలోకి కొత్తగా దిగిన కుర్రవాడికి అదే వారం అదే సంస్థ, అదే వేగాన్ని, నిరుడు నేను కట్టినదానికంటే తక్కువకే ఇచ్చింది. అది బాధించింది. ఆరేళ్లుగా ఒక్క నెల బకాయిపడని నేను వాళ్ల లెక్కలో ఎక్కడికీ పోనివాణ్ణి. అందుకే నాకు మర్యాద అక్కర్లేదు.

ఫోన్ చేశాను. ఆ ధర కొత్తవారికేనన్నారు. అయితే కనెక్షన్ తీసేయమన్నాను. రెండు నిమిషాల సంగీతం తరువాత ఇంకొకరు వచ్చి, ఎంతో మృదువుగా, నిరుటి ధరే కొనసాగిస్తామన్నారు. యాప్‌లో ఇది కనబడదని కూడా చెప్పారు.

కనబడని ఈ ధరకు ఒక చరిత్ర ఉంది. ధర నిర్ణయించుకునే స్వేచ్ఛను ట్రాయ్ చాలాకాలంగా కంపెనీలకే వదిలింది. 2018 ఫిబ్రవరిలో టారిఫ్ ఉత్తర్వును సవరించి, కొందరికే ఇచ్చే ఇటువంటి ప్రత్యేక ఆఫర్ల వివరాలు తనకు తెలపాలంది. మొబైల్ కంపెనీలు టీడీశాట్‌కు వెళ్లాయి, అక్కడ ట్రాయ్‌కి ఎదురుదెబ్బ తగిలింది. 2020 నవంబరులో సుప్రీంకోర్టు, వివరాలు ట్రాయ్‌కి ఇవ్వాల్సిందేనని, ట్రాయ్ వాటిని గోప్యంగా ఉంచాలని ఆదేశించింది. నియంత్రణ సంస్థకు తెలియవచ్చు. పక్క వాటావాడికి తెలియనక్కర్లేదు. పథకంలో చేరిన ఆరు నెలలదాకా ధర పెంచరాదన్న రక్షణ ఒకటుంది గాని, ఏడాది పథకం తీసుకున్నవాడికి గడువు తీరిన రోజున అది ఎందుకూ కొరగాదు.

మొబైల్ నంబరు మార్చకుండా సంస్థ మారే హక్కు 2011 జనవరిలో దేశమంతటా వచ్చింది. ఇంటికొచ్చే తీగ సంగతి వేరు. గోడకు రంధ్రం వేయడానికి మా అపార్టుమెంటు సంఘం ఇద్దరికే అనుమతిచ్చింది. ఆ ఇద్దరి మధ్యనే నా స్వేచ్ఛాయుత విపణి.

బ్రిటన్‌లో 2018లోనే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ దీన్ని విధేయతకు విధించే జరిమానాగా పేర్కొని ఫిర్యాదు చేసింది. 2020 ఫిబ్రవరి నుంచి అక్కడి కంపెనీలు ఒప్పందం ముగిసేముందు ఇప్పటి ధరనూ, తరువాతి ధరనూ, కొత్తవారికిచ్చే ధరలనూ పాతవారికి తెలియజేయాలి. దాంతో అన్నీ చక్కబడ్డాయని కాదు, కనీసం కాగితం మీద అంకెలు పక్కపక్కన ఉంటాయి.

మన దగ్గర ఇది వార్త ఎందుకు కాదో విలేకరిగా నాకు తెలుసు. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. నెల తిరగకముందే ప్రైవేటు మొబైల్ కంపెనీలు వరుసగా ధరలు పెంచుతున్నట్టు ప్రకటించాయి. దెబ్బ అందరికీ ఒకేసారి తగిలింది గనుక ప్రతిపక్షం ప్రశ్నించింది, మేమూ రాశాం. బ్రాడ్‌బ్యాండ్ గడువు మాత్రం ఒక్కో ఇంటికి ఒక్కో రోజున తీరుతుంది. ఊరేగింపుకు తేదీ కుదరదు. ఎవరికి వారు ఒంటరిగా ఆ సంగీతం వింటారు. (పార్టీలు సొంత ఓటర్లతో ఎలా వ్యవహరిస్తాయో ఇరవయ్యేళ్లు చూసిన నేను ఆశ్చర్యపోకుండా ఉండవలసింది.)

పై అంతస్తులో ఒక విశ్రాంత అధ్యాపకుడున్నారు, డెబ్బై దాటినవారు. ఆయన గడువు నాకంటే వారం ముందే తీరింది. యాప్ చూపిన మొత్తం ఏడాదికీ కట్టేశారు. నా బేరం సంగతి చెబితే కాసేపు మౌనంగా ఉండి, "నన్నెవరూ అడగలేదే" అన్నారు. అడగరని, బెదిరించాలని చెప్పాను. ఇంట్లో మనుమరాలి ఆన్‌లైన్ తరగతులు పెట్టుకుని, తీసేయమని ఎలా అంటానన్నారు. ఆయన గడువు మళ్లీ తీరే తేదీని నా డైరీలో రాసుకున్నాను.