రెండో సంతకం

28 మార్చి 2024, గురువారం

మధ్యాహ్నం 3:40కి మెసేజి. మా శిక్షణ సంస్థ ఖాతాలో కంపెనీ డబ్బు పడింది. 9,40,000. ఏడాది పొడుగునా అడిగితే పలకనిది, ఇంకో మూడు రోజుల్లో సంవత్సరం ముగుస్తుందనగా పడింది. వాళ్ల సీఎస్ఆర్ 2 శాతం లెక్క వాళ్లది మరి.

అర్ధగంటలో ఇంకో మెసేజి. ఖర్చయిపోయినట్టు యూసీ (వినియోగ ధ్రువపత్రం) 31లోగా పంపాలట. రేపు గుడ్ ఫ్రైడే. ఆ వెనకే శని, ఆదివారాలు. మూడు రోజుల సెలవుల్లో అంత డబ్బు ఎవరైనా ఎలా ఖర్చు పెడతారు?

కార్యదర్శి మాస్టారి ఫోను. "ఎలాగూ అయ్యే ఖర్చేగా అమ్మా. సంతకం పెట్టెయ్."

పెట్టేశాను. నిజానికి అయింది 2,10,000.

6 ఏప్రిల్, శనివారం

మా అమ్మాయికి నెలలు నిండాయి. రేపు బెంగళూరు. మళ్లీ ఎప్పటికొస్తానో. 8 ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి అక్కౌంట్స్ అమ్మాయికిచ్చాను. మాస్టారి సంతకం ఎలాగూ ఉంటుంది. నాది రెండోది. రెండో సంతకం ఎప్పుడూ తోడు వెళ్లేదే.

34 ఏళ్లు బ్యాంకులో చేశాను. ఏ ఖాతాదారుడైనా ఇలా చేశానంటే కౌంటరు అవతలికి వచ్చి మరీ చివాట్లు పెట్టేదాన్ని.

20 ఏప్రిల్, బెంగళూరు

మనవడు పుట్టి ఆరు రోజులు. రాత్రంతా మేలుకునే ఉంటాడు. నేనూ.

ఆ మెలకువలో కంపెనీ మెయిలు చదివాను. పరిపాలన ఖర్చులు 5 శాతం మించకూడదట. అంటే 47,000. అద్దె, కరెంటు, ఆడిట్ ఫీజు, అన్నీ అందులోనే. అక్కౌంట్స్ అమ్మాయి జీతమే ఏడాదికి 1,32,000. లెక్కలు పక్కాగా ఉండాలంటారు. రాసేవాళ్లకి మాత్రం జీతం ఉండకూడదు.

అసలు ఆ 5 శాతం కంపెనీ సొంత ఖర్చుల మీద పరిమితి. అమలు చేసే మామీద కాదు. 2021లో కేంద్రమే వివరణ ఇచ్చింది. పొద్దున్న ఫోన్ చేసి చెప్పాను. అవతలి కుర్రాడు మర్యాదగానే విన్నాడు. "కరెక్టే మేడమ్. కానీ మా పాలసీ అంతే."

మొన్నటి యూసీ సంగతి అడుగుతాడేమోనని గొంతు తగ్గించాను. అడగలేదు.

30 మే, గురువారం

రేపటితో 10బీడీ గడువు ఆఖరు. దాతల పేర్లు, పాన్ నంబర్లు ఎక్కిస్తేనే వాళ్లకి 80జీ సర్టిఫికెట్టు. మూడు లాంతర్ల దగ్గర కిరాణా కొట్టాయన 5,000 నగదు ఇచ్చాడు. 2,000 దాటిన నగదుకి మినహాయింపు రాదని చెబితే నవ్వాడు. "నాకు పన్నే లేదమ్మా, మినాయింపు ఏటికి?"

ఈ ఏడాది నన్నేమీ అడగని దాత ఈయనొక్కడే.

14 జూన్, శుక్రవారం

నిన్న కొత్త ముఖ్యమంత్రి తొలి ఐదు సంతకాలు. అందులో ఒకటి నైపుణ్య గణన మీద. మాస్టారు పేపరు పట్టుకుని క్లాసులోకే వచ్చేశారు. పిల్లలకి మాత్రం మెగా డీఎస్సీ సంతకం మీదే ధ్యాస.

వెనక బల్ల మీద కూర్చుని కాసేపు విన్నాను. టెల్ మీ అబౌట్ యువర్సెల్ఫ్. సాలూరు వైపు కుర్రాడు లేచాడు. నోట్సులో తెలుగు అక్షరాలతో రాసుకున్నాడు: "ఐ యామ్ ఎ హార్డ్ వర్కర్." చదివాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. "సార్, మా నాన్న గురించి కూడా చెప్పాలా?"

సారు వద్దన్నాడు.

7 జులై, ఆదివారం

మినిట్స్ బుక్కు ఇంటికొచ్చింది. నిన్న కార్యవర్గ సమావేశం జరిగిందట. హాజరు 7. నేను నిన్న సాయంత్రం ఆవకాయ జాడీలు సర్దుకుంటూ ఇంట్లోనే ఉన్నాను.

ఏడుగురం అంటే మాస్టారు, ఆయన భార్య అమ్మగారు, ఆవిడ తమ్ముడు (అధ్యక్షులు ఆయనే), ఆయన వియ్యంకుడు, హైదరాబాదులో కొడుకు దగ్గర మంచాన పడ్డ పాత హెడ్మాస్టరు, వైజాగులో ఉండే డాక్టరు గారు, నేను. మంచాన ఉన్నాయన సంతకం కూడా ఉంది. చెయ్యి ఏమాత్రం వణకలేదు.

పుస్తకం తెచ్చిన కుర్రాడు గుమ్మంలోనే నిలబడ్డాడు. పెన్నులో సిరా అయిపోయింది, రేపు రమ్మన్నాను.

జేబులోంచి తన పెన్ను తీసిచ్చాడు.

24 జులై, బుధవారం

బడ్జెట్లో ఇంటర్న్‌షిప్పుల పథకం. 500 పెద్ద కంపెనీలు, 5 ఏళ్లలో కోటి మంది, నెలకి 5,000. శిక్షణ ఖర్చూ, స్టైపెండులో 10 శాతమూ కంపెనీలు సీఎస్ఆర్ లోంచి పెట్టుకోవచ్చట. మాస్టారు రెండుసార్లు చదివించుకున్నారు. ఆయన చూపు ఈమధ్య ఆనడం లేదు.

"పిల్లలకి మంచిదేనమ్మా" అన్నారు. కాసేపయ్యాక, "మరి మనకో?"

మినిట్స్ బుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. ఆయన అడగలేదు.

10 ఆగస్టు, శనివారం

మొబిలైజర్ కుర్రాడి ఇన్సెంటివ్ వోచరు. తలకి 300 చొప్పున 30 మందికి 9,000. బిల్లుకి ఆధారం ఏదీ అని అడగడం పాత రోగం. ఫైలు తెప్పించాను.

జనవరి బ్యాచిలో చేరింది 40. ఉద్యోగాల్లో కుదిరింది 30. 75 శాతం. కంపెనీ అడిగింది 70. 30 మందికీ ఆఫర్ లెటర్లు, మూడేసి నెలల జీతం స్లిప్పులు. అన్నీ ఉన్నాయి. అన్నీ ఉండడమే ఎందుకో నచ్చలేదు. ఫోను తీసుకుని కూర్చున్నాను.

మూడో నంబరు గజపతినగరం అవతల పిల్లది. శ్రీసిటీలో చేరినట్టుంది.

"అక్కడే ఉన్నావా తల్లీ?"

"లేదమ్మా, వచ్చీసినాను. పందొమ్మిది రోజులున్నాను."

"ఏమైంది?"

"ఏటీ అవలేదు. రాత్రి డూటీ ఏసీవోరు. నిద్దరుండీది కాదు. ఆ అన్నం నోట్లోకి ఎల్లీది కాదు." కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇప్పుడు జీడిపిక్కల కాడికి ఎల్తన్నాను. అమ్మా, నా ఫొటో ఇంకా గోడకుందా?"

ఉందన్నాను.

చీకటి పడేదాకా చేశాను. పనిలో ఉన్నవాళ్లు 11. తిరిగొచ్చినవాళ్లు 7. అసలు వెళ్లనివాళ్లు 5. పెళ్లయిపోయినవాళ్లు 3. ఎత్తనివాళ్లు 4.

పందొమ్మిది రోజులున్న పిల్లకి మూడు నెలల స్లిప్పులు ఎవరిచ్చారు?

22 ఆగస్టు, గురువారం

ఆడిటర్ గారి ఆఫీసు. చిన్నవాడు. నా కొడుకు వయసుంటుంది. నా ముందు రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి నా సంతకంతో యూసీ. రెండోది బ్యాంకు స్టేట్‌మెంటు, మార్చి 31 నిల్వ.

"డబ్బు ఖర్చయిపోయిందని ఇందులో ఉంది. 7,30,000 ఇంకా ఉందని ఇందులో ఉంది. ఏది రాయమంటారు మేడమ్?"

వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఉన్నది రాయండన్నాను. వచ్చిన ఏడాదే 85 శాతం ఖర్చు కావాలి, కాలేదు కాబట్టి ఫారం 10 వేద్దాం, 5 ఏళ్ల గడువుంటుందన్నాడు. దారి ఎప్పుడూ ఉందన్నమాట. మార్చిలో ఎవరూ అడగలేదంతే. నేనూ అడగలేదు.

26 ఆగస్టు, కృష్ణాష్టమి

కంపెనీకి సవరించిన యూసీ పంపాను. దాంతోపాటు 11 అన్న సంఖ్య కూడా. మాస్టారికి చెప్పే పంపాను. కాదు, పంపాక చెప్పాను.

ఆయన ఫోను పెట్టేశారు.

1 సెప్టెంబరు, ఆదివారం

బుడమేరు పొంగింది. విజయవాడలో మా ఆడపడుచు వాళ్ల వీధి టీవీలో కనిపించింది. గుర్తుపట్టలేకపోయాను. ఫోను కలవడం లేదు.

9 సెప్టెంబరు, సోమవారం

కంపెనీ మెయిలు. నాలుగు లైన్లు. ఈ ఏడాది నిధులు వరద సహాయానికి మళ్లిస్తున్నారట. రెండో విడత ఉండదు. "మీ సహకారానికి కృతజ్ఞతలు."

బుడమేరు వల్లా? నా ఉత్తరం వల్లా?

12 సెప్టెంబరు, గురువారం

జీతాలు 1,26,000. ఖాతాలో 38,000.

మాస్టారు ఎఫ్‌డీ విరిచేద్దామన్నారు. అది కార్పస్ (మూలనిధి). ఆయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి 2003లో ఆయనే వేసిన 3,00,000, దానికి దాతలు కలిపినదీ. తీసినంత 5 ఏళ్లలోపు మళ్లీ పెడితే తప్ప ఖర్చు కింద లెక్కకి రాదు. చెప్పాను.

"నా డబ్బేగా అమ్మా."

కాదు మాస్టారూ. అనలేదు. 1977లో ఆయన తొమ్మిదో తరగతిలో నా చేత బోర్డు మీద లెక్క చేయించేవారు. తప్పొస్తే కొట్టేవారు కాదు. "ఎక్కడ తప్పిందో నువ్వే వెతుకు" అని బయటికెళ్లిపోయేవారు.

1,00,000 వరకు తీశాం. ఇద్దరం సంతకాలు పెట్టాం.

17 సెప్టెంబరు, మంగళవారం

డల్లాస్ నుంచి పాత శిష్యుడు. 2 లక్షలు పంపుతానన్నాడు. పాస్‌పోర్టు ఏదని అడిగాను. నిరుడే అక్కడి పౌరసత్వం వచ్చిందట. అలాగైతే కుదరదు బాబూ, విదేశీ డబ్బు తీసుకునే ఎఫ్‌సీఆర్ఏ అనుమతి మనకి లేదు. రెండేళ్ల కిందట అడిగి ఉంటే ఇదే డబ్బు, ఇదే చెయ్యి, ఏ ఇబ్బందీ లేదు.

"వాళ్లమ్మ ఖాతాలో వేయిస్తేనో?" అన్నారు మాస్టారు. "మనవాడేగా."

వద్దన్నాను. ఆయన ముఖం మీద వద్దనడం ఇదే మొదలు. ఆకాశమేమీ విరిగి పడలేదు. కానీ ఆయన టీ తాగకుండా వెళ్లిపోయారు.

29 సెప్టెంబరు, ఆదివారం

రేపు ఆడిట్ రిపోర్టు గడువు అనుకుంటుంటే అక్టోబరు 7 దాకా పెంచారు. ఆడిటర్ గారు అదే ఫోన్లో ఇంకోటి కూడా అడిగాడు. హాలు అద్దె నెలకి 16,000. పక్క హాలు 9,500. ఇంటావిడ కార్యవర్గ సభ్యురాలు, పైగా కార్యదర్శి భార్య. అద్దె ఇవ్వడం తప్పు కాదట. ఊళ్లో రేటుకి మించి ఇస్తేనే. మించినదాని మీద 30 శాతం పన్ను, సంస్థకి. ఏడాదికి 78,000 మించుతోంది.

ఇన్నేళ్లూ ఆ చెక్కుల మీద రెండో సంతకం ఎవరిది?

5 అక్టోబరు, శనివారం

మాస్టారింటికి వెళ్లాను. అమ్మగారే తలుపు తీశారు. లోపల దసరా బొమ్మలు పేర్చి ఉన్నాయి. ప్రసాదం పెట్టారు. అడగలేకపోయాను. రెండోసారి శనగలు వడ్డిస్తుంటే అడిగేశాను.

ఆవిడ గరిటె కింద పెట్టారు. "పన్నెండేళ్లు ఊరికే ఇచ్చానే. అప్పుడు ఎవరూ అడగలేదేం, ఎందుకు తక్కువ తీసుకుంటున్నావని?"

నిజమే. 2003 నుంచి 2015 దాకా పైసా తీసుకోలేదు. ఆ డబ్బు ఏ పద్దులోనూ లేదు. దాన్ని రాయడానికి ఖాతాయే లేదు.

మాస్టారు వసారాలో కూర్చుని అంతా విన్నారు. లోపలికి రాలేదు.

15 అక్టోబరు, మంగళవారం

సిరిమాను ఉత్సవం. కోట జంక్షన్‌లో ఇసకేస్తే రాలని జనం. మాను పైన పూజారి, కింద లక్ష చేతులు. మా పాత బ్యాచి కుర్రాడొకడు అరటిపళ్లు అమ్ముతూ కనిపించాడు. మా 30 మందిలో ఒకడు. రిపోర్టులో వైజాగులో రిటైల్ సేల్స్.

"రిటైలేగా మేడమ్" అని రెండు పళ్లు చేతిలో పెట్టాడు. డబ్బు తీసుకోలేదు.

10 నవంబరు, ఆదివారం

సమావేశం. నిజంగా జరిగింది. మంచాన ఉన్నాయన రాలేదు, సంతకమూ లేదు. వైజాగు డాక్టరు గారు రెండేళ్ల తర్వాత వచ్చారు. ఐదుగురం.

మాస్టారు ఎవరినీ మాట్లాడనివ్వలేదు. చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద 40 అని రాశారు. దాని కింద 11. పక్కన భాగహారం మొదలెట్టారు. చూపు ఆనక అంకెలు కిందికి జారిపోతున్నాయి. 27.5 దగ్గర ఆగారు.

"ఎక్కడ తప్పిందమ్మా?" నా వైపు చూడకుండా అడిగారు.

అధ్యక్షులవారు ఏదో అనబోయి ఊరుకున్నారు. గాలికి కిటికీ రెక్క కిర్రుమంది.

తరవాత అన్నీ చకచకా తేలిపోయాయి. అద్దె 9,500. ఆ తీర్మానం అప్పుడు అమ్మగారు లేచి బయటికెళ్లి, అయ్యాక వచ్చారు. ఎవరూ చెప్పలేదు, తనంతట తనే. ఇన్సెంటివ్ ఇకమీదట తలకి కాదు, ఆరు నెలలు నిలిచినవాళ్లకి. కొత్త బ్యాచి 20 మందే. పాత విద్యార్థులు నెలకి 500 చొప్పున వేస్తామన్నారు, ఇప్పటికి 41 మంది. జులై మినిట్స్ మీద అడ్డగీత గీసి కింద అందరం పొట్టి సంతకాలు పెట్టాం. స్లిప్పుల సంగతి అడిగితే మొబిలైజర్ కుర్రాడు గోడకేసి చూశాడు. దాని గురించి ఏమీ తేల్చలేదు. తేల్చాలి.

2 డిసెంబరు, సోమవారం

గోడ మీద ఫొటోలు తీసేస్తున్నారు. ఆ గజపతినగరం పిల్లది ఎక్కడుందా అని వెతికాను. అప్పటికే కట్ట కట్టేశారు.

8 జనవరి 2025, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్

మనవడికి తొలి సంక్రాంతి, భోగిపళ్లు. అల్లుడు టికెట్టు పంపాడు.

నిన్న ఆఫీసుకెళ్తే ఎవరూ ఖాళీ చెక్కులు అడగలేదు. నేనూ పెట్టలేదు. జీతాల లిస్టు సరిచూసి, చెక్కులు రాసి, ఇద్దరం సంతకాలు పెట్టి బీరువాలో పెట్టాం. మాస్టారు ఇంటిదాకా నడిచొచ్చారు. "ఎప్పుడొస్తావు?" అన్నారంతే.

రాజమండ్రి దాటాక నీళ్ల సీసా కోసం సంచీలో చెయ్యి పెట్టాను. బీరువా తాళంచెవి తగిలింది.

ఎల్లుండి జీతాలు.