రేసు పుస్తకంలో లేని పేర్లు

మేం లంబాడీలం. మా తాతముత్తాతలు ఎద్దుల వీపున ఉప్పు, ధాన్యం వేసుకుని దూరదేశాలు తిరిగారు. ఆ పనిని మా గోర్ బోలీలో లదేణీ అంటాం. రైళ్ళు వచ్చాక లదేణీ పోయింది. వానలు లేక సేద్యం సాగక దేవరకొండ వైపు తండాల నుంచి పట్నం బస్సెక్కిన మాలో కొందరం మలక్‌పేట రేసుకోర్సులో సైసులమయ్యాం. గుర్రాన్ని సాకే పనివాడే సైసు.

జనం చూసేది పందెం. 1400 మీటర్ల పందెం నిమిషన్నరలో అయిపోతుంది. మా పని మాత్రం కోడికూతకు ముందే మొదలవుతుంది. ముందు తొట్టి చూస్తాం, రాత్రి వేసిన దాణా మిగిలిందా అని. తర్వాత పేడ చూస్తాం. ఆపైన నాలుగు కాళ్ళూ అరచేత్తో తడుముతాం. వాపు కంటికి కనబడకముందే చేతికి వేడి తగులుతుంది. ఆ వేడిని పట్టించుకోకుండా పరిగెత్తిస్తే గుర్రం కుంటిదవుతుంది. గిట్టల్లో ఇరుక్కున్న మట్టి తీసి, ఒళ్ళు రుద్ది, జీను కట్టి ట్రాకుకు నడిపిస్తాం. పరుగు తీసి వచ్చిన గుర్రాన్ని వెంటనే కట్టెయ్యం. రొప్పు తగ్గి ఒళ్ళు చల్లబడేదాకా తిప్పుతూనే ఉంటాం.

అన్నిటికంటే మాకు భయం కడుపునొప్పి. గుర్రానికి వాంతి కాదు. లోపల చిక్కుకున్నది పైకి రాదు. మేత వదిలేసి, నేలను కాలితో గీరుతూ, మాటిమాటికీ తన పక్కలకేసి చూసుకుంటుంటే డాక్టరు కోసం పరుగెత్తాలి. పొద్దున దాకా ఆగితే గుర్రం దక్కకపోవచ్చు. ఇది ఏ బడీ మాకు నేర్పలేదు. పక్కనే పడుకుని నేర్చుకున్నాం.

రేసు పుస్తకం తెరిస్తే గుర్రం పేరు, దాని తల్లిదండ్రుల పేర్లు, యజమాని, ట్రైనర్, జాకీ పేర్లు ఉంటాయి. ఈ జాతి గుర్రాల మగ వంశం సుమారు 300 ఏళ్ళ కిందట ఇంగ్లండుకు తెచ్చిన మూడు మగ గుర్రాల దాకా రాసిపెట్టి ఉంది. మాకు ముత్తాత పేరు దాటితే తెలియదు. వయసు లెక్కకు ఇక్కడి రేసు గుర్రాలన్నిటికీ పుట్టినరోజు జనవరి 1. మాలో చాలామందికి బడిలో సారు రాసిన తేదీయే పుట్టినరోజు. అయితే గుర్రానికి అసలు పుట్టిన తేదీ కూడా కాగితం మీద ఉంటుంది. మాకు అదీ లేదు.

గుర్రం మీద మాకు అసూయ లేదు. రాసినందుకు దాని వంశం నిలిచింది. మా వాళ్ళ చేతి విద్య రాయనందుకు వాళ్ళతోనే పోతోంది. ఎద్దు నడక చూసి దాని జబ్బు చెప్పిన తాతల చూపే మా చేతుల్లోకి వచ్చిందని మా నమ్మకం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ బాపు, యాడి చేసే పని ఏదైనా సరే, దగ్గర కూర్చుని అడగండి. వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాయండి. కింద వాళ్ళ పేరు రాయండి. సార్లూ, టీచరమ్మలూ, ఒక్కపూట ఒక సైసును, ఒక గొర్లకాపరిని మీ తరగతికి పిలవండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి. పిల్లల చేత నోటుపుస్తకాలు తెరిపించండి.