మైకు ఆగిన సాయంత్రం

మే 9, 2024. రుద్రవరం

ఆళ్లగడ్డలో ఆటో ఎక్కితే పక్కనాయన అడిగాడు, "ఏం చదువుతాండావు పాపా?" తిరుపతిలో కమ్యూనికేషన్, జర్నలిజం ఎమ్మే అన్నాను. "అంటే టవర్ల పనా? మా సేనుకాడ సిగ్నల్ రాదుమ్మా, రవ్వంత చెప్పి చూడు." నవ్వేశాను. సరైన జవాబు నా దగ్గర ఉంటే కదా!

మే 10

పొద్దుననుంచీ ఎన్నికల ప్రచారం ఆటోలే. ఒకటి మలుపు తిరగకముందే ఇంకోటి. అన్నిటివీ సినిమా బాణీలే.

ఆ గోలలోనే సెమినార్ పేపరు. 1940లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు సామాజిక పరిశోధకుడు లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయోలోని ఈరీ కౌంటీలో 600 మందిని నెలల తరబడి మళ్లీ మళ్లీ అడిగింది. ఓట్లను రేడియో, పేపర్లు తిప్పేస్తాయనుకుంటే, తేలింది వేరు. మాట ముందు ఊళ్లో నలుగురికి చేరుతుంది, వాళ్ల నోటిమీదుగా మిగతావాళ్లకు. 1944లో అది పుస్తకమైంది. మాకు పాఠంలో ఇది రెండు గుండ్రాలు, ఒక బాణం గుర్తు. గుండ్రాల్లో మొహాలు లేవు, అదే నాకు నచ్చనిది.

మే 11

సాయంత్రం ఆరుకు మైకులు ఆగిపోయాయి. పోలింగు ముగిసే సమయానికి 48 గంటల ముందు ఆపాల్సిందే. చెవుల్లో దూది తీసినట్టుంది.

మా జేజి అరుగు మీద చింతకాయలు కొడుతోంది. రాయి మీద కాయ పెట్టి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ. గింజ ఇటు, పండు అటు. వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ముందు చింతపండు ధర, తర్వాత ఎవరింటి పెండ్లి, ఆ తర్వాత గొంతు తగ్గించి ఓట్ల సంగతి. నేను దగ్గరికెళ్తే మళ్లీ చింతపండు ధర.

మే 13

జేజి పొద్దున్నే ఓటేసి వచ్చింది. వేలి సిరా చింతపండు పులుపుకైనా పోతుందేమోనని తోముకుంటోంది. పోలేదు.

మే 15

సెమినార్ పేపరు కోసం ఊళ్లో పన్నెండు మందిని అడిగాను. ఎవరికి వేశారని కాదు, ఎవరి మాట విన్నారని. మైకు పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఇద్దరు మందులిచ్చే ఆయన పేరు చెప్పారు, ఒకరు టీ అంగడి పేరు. ముగ్గురు మాత్రం మా జేజి అన్నారు. జేజికి అక్షరం రాదు.

రాత్రి అన్నం తింటూ అడిగాను, "జేజీ, ఎవరికి వేయమని చెప్పినావు?"

"ఓటు సంగతి బైట చెప్తారా ఎవరైనా?" అనింది.