మంచు దేశంలో ముంగిలి

మేము చికాగో శివార్లలో తమ్ముని ఇంట ఒక శీతాకాలం గడిపాము. ఆ ఇంటి ముంగిట రాతిపలకలవలె అచ్చులు వేసి, రంగులద్దిన కాంక్రీటు పరచి ఉంది. చూడముచ్చటైనదే గాని చలికాలం దానికి గడ్డుకాలం. లోని సూక్ష్మ రంధ్రాలలో ఇంకిన నీరు గడ్డకట్టితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పగలు కరిగి, రాత్రి మళ్ళీ గడ్డకడుతూ ఉంటే పైపొర రంగుతోసహా పెచ్చులుగా లేచిపోతుంది. మంచును కరిగించే ఉప్పు ఈ హానిని పెంచుతుంది. అమ్మోనియం నైట్రేటు, అమ్మోనియం సల్ఫేటు అయితే కాంక్రీటునే తినివేస్తాయి. వాటి జోలికి పోనేరాదు. కొత్తగా పోసిన నేలపై మొదటి చలికాలమంతా ఏ ఉప్పూ చల్లరాదు.

రక్షణ పూత మంచు పడకముందే, పొడి నేలపైన వేయాలి. తళతళలాడే యాక్రిలిక్ పూత రంగుకు నిగారింపునిస్తుంది గాని తడిస్తే జారుతుంది. ఎనభై దాటిన తల్లిగారు నడిచే చోట ఆ మెరుపు మాకు నచ్చలేదు. లోపలికి ఇంకి నీటిని అడ్డుకునే సైలేన్ పూతే మేలు.

మంచును తోయడానికి ప్లాస్టిక్ పార వాడాలి. ఇనుప అంచు అచ్చులను గీకివేస్తుంది. తమ్ముడు సాధారణంగా ఇసుకే చల్లుతాడు. అది మంచును కరిగించదు, కాలికి పట్టునిస్తుంది. నేల గాజువలె గడ్డకట్టిన ఉదయాన మాత్రం తల్లిగారి కోసం మెట్లపై ఉప్పే చల్లుతాడు. పోయిన రంగును వేసవిలో మళ్ళీ వేసుకోవచ్చును.