చెవిలో పువ్వా... పాటా?

సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మావాడు బ్యాగులోంచి చిన్న డబ్బా ఒకటి తీశాడు. చూస్తే, అందులో వైర్లున్న ఇయర్‌ఫోన్లు. ‘ఎంతేంట్రా?’ అంది మా ఆవిడ. ‘25 వేలు’ అన్నాడు, అరిసె కొరుకుతూ.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, ‘ఫ్రిజ్ వచ్చేది కదరా!’ అంది.

నా దగ్గరా అలాంటివే ఉన్నాయి. కిందటేడు మా అమ్మాయి కొనిచ్చింది. 1,500 రూపాయలు. పొద్దున్నే పార్కులో నడుస్తూ ఇళయరాజా పాటలు వింటుంటాను. నాకు ఏ లోటూ కనబడలేదు. ‘నీ చెవిలో ఎవరో పెద్ద పువ్వే పెట్టార్రా’ అన్నాను. మావాడికి పౌరుషమొచ్చింది.

‘వీటిని ఇన్-ఇయర్ మానిటర్లంటారు నాన్నా. స్టేజీ మీద పాడేవాళ్లకి, వాయించేవాళ్లకి ఆ హోరులో తమ పాట తమకి వినబడటానికి పుట్టాయి’ అంటూ మొదలుపెట్టాడు. అమెరికాలో వాన్ హేలెన్ అనే రాక్ బృందానికి సౌండ్ ఇంజినీరుగా పనిచేసిన జెర్రీ హార్వే, ఆ బృందంలోని డ్రమ్మరు కోసం ఇలాంటివి తయారుచేశాడట. 1995లో ఏకంగా కంపెనీయే పెట్టేశాడట. నా ఇయర్‌ఫోన్‌లో ఒక్కో చెవికి ఒక్కటే బుల్లి స్పీకరు. మొత్తం పాటని అదొక్కటే మోయాలి. వాడి దాంట్లో అయిదున్నాయి. బేస్‌కి ఒకటి, గొంతులకి రెండు, సన్నటి శబ్దాలకి రెండు.

‘సరే, తేల్చేద్దాం’ అన్నాను.

కళ్లకు గంతలు కట్టుకున్నా లాభం లేదు. చెవికి తగిలే ఆకారాన్ని బట్టే ఏది ఏదో తెలిసిపోతుంది. అందుకని పందెం మానేసి, ఎందులో ఏం వినబడిందో ఎవరికి వాళ్లం కాగితం మీద రాద్దామనుకున్నాం. మా ఆవిడా కూర్చుంది. రెండిటికీ ఒకటే ఫోను, అవే పాటలు.

మొదట ‘గీతాంజలి’ పాట పెట్టాం. 1989లో సినిమా వచ్చినప్పటి నుంచీ నాకు కంఠోపాఠం. వాడి 25 వేల ఇయర్‌ఫోన్‌లో విని తెల్లబోయాను. బేస్ గిటారు అసలు లేదు! రేకు డబ్బాలో పాడినట్టుంది. నేను నవ్వేలోపే మావాడు నా చెవిలోంచి దాన్ని లాగి, చివరనున్న రబ్బరు టోపీ మార్చాడు. పెద్ద సైజుది పెట్టగానే గిటారు తిరిగొచ్చింది. చెవికీ రబ్బరుకీ మధ్య సందుంటే బేసంతా బయటికి పోతుందట. ఎంత ఖరీదైనదైనా అంతే. డబ్బాలో ఊరికే ఇచ్చే ఆ రబ్బరు ముక్క కుదరకపోతే 25 వేలూ గంగలో పోసినట్టే.

రెండో సంగతి సౌండు. వాల్యూమ్ ఒకే చోట ఉంచినా రెండూ ఒకే సౌండుతో మోగవు. నాదే కాస్త గట్టిగా మోగింది. కొంచెం గట్టిగా వినిపించేదే బాగుందని మనసు మోసపోతుందట. అందుకని రెండూ సమానంగా వినబడేలా సర్దాం.

చివరిగా మా అమ్మాయి కూచిపూడి రంగప్రవేశం రికార్డింగు. ఆ రోజు ఆడిటోరియంలో మైకు అతను మిక్సరు నుంచి నేరుగా తీసిచ్చాడు. మృదంగం, వయొలిన్, నట్టువాంగం తాళం, వాటి వెనక మా అమ్మాయి గజ్జెలు. ఆ రికార్డింగు మా ఇంటి ఆస్తి.

కాగితాలు బయటపెట్టాం. మావాడు రాసింది: ‘ఖరీదైన దాంట్లో తాళం వేరుగా, గజ్జెలు వేరుగా ఉన్నాయి. చవక దాంట్లో కలిసిపోయాయి. అయినా పాట చెడలేదు.’ మా ఆవిడ రాసింది: ‘రెండూ బాగున్నాయి. పెద్దదాంట్లో గజ్జెలు ఇంకా బాగున్నాయి. 25 వేల తేడా మాత్రం లేదు.’ నేను రాసింది: ‘రెండూ ఒకటే. డబ్బు దండగ.’

నిజానికి నా మాటకి బలమూ ఉంది. 2017లో 283 హెడ్‌ఫోన్లని కొలిచి చూసిన ఒక పరిశోధనలో, ధరకీ అవి పలికే తీరుకీ సంబంధమే కనబడలేదట. ఈ సంగతి మావాడే ఒప్పుకున్నాడు. నేను మీసం మెలేయబోయాను.

ఇంతలో మా ఆవిడ నా కాగితం చూసి, ‘మరి గజ్జెలు ఎందులో బాగున్నాయో రాయలేదేం?’ అంది.

‘గజ్జెలెక్కడున్నాయి?’ అన్నాను.

ఇద్దరూ నా మొహంలోకి చూశారు. మావాడు మళ్లీ పెట్టాడు. తాళం చప్పుడు ఎక్కడో గోడ అవతల మోగినట్టుంది. గజ్జెలు లేవు. ఇయర్‌ఫోన్లు మార్చాడు. ఊహూఁ. ఆ రికార్డింగులో గజ్జెలు ఉండేవని నాకు జ్ఞాపకం ఉంది. ఎప్పటి నుంచి వినబడటం లేదో మాత్రం జ్ఞాపకం లేదు.

ఆ రాత్రి చాలా విషయాలు గుర్తొచ్చాయి. టీవీ సౌండు గురించి రోజూ గొడవ. సరిగ్గా మాట్లాడరేం అని ఇంట్లోవాళ్లని నేను విసుక్కోవడం. మనవరాలు ఫోన్లో ఒకటడిగితే నేనొకటి చెప్పడం, అది పకపకా నవ్వడం. నేనూ నవ్వేవాణ్ని.

పండగ వెళ్లాక మావాడే దగ్గరుండి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. చిన్నప్పుడు 20 వేల హెర్ట్జ్ దాకా వినగలిగే చెవికి, వయసు పెరిగేకొద్దీ పైనుంచి తరుగు మొదలవుతుందట. నాకు 4 వేలు దాటాక గీత కిందికి జారిపోయింది. ఎడమ చెవిలో మరీనూ. గజ్జెల మెరుపు ఉండేది అక్కడే. ‘స’, ‘ష’, ‘ఫ’ లాంటి అక్షరాల పదునూ అక్కడే.

‘ఇయర్‌ఫోన్లు వాడతారా?’ అన్నాడు డాక్టరు. ఉద్యోగం చేసిన రోజుల్లో రానూపోనూ మూడు గంటలు బస్సులోనే. చెవిలో సరిగ్గా కూర్చోని ఇయర్‌ఫోన్లు, బస్సు రొద, దాన్ని మించాలని పూర్తిగా పెంచిన వాల్యూమ్. అన్నీ చెప్పాను. వయసు వాటా ఎంతో, వాల్యూమ్ వాటా ఎంతో విడదీసి చెప్పలేమన్నాడు. లోపలి చెవిలో చచ్చిపోయిన కణాలు మళ్లీ పుట్టవని మాత్రం చెప్పాడు. పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 90 అయితే 4 గంటలే.

పక్కనే ఉన్న మావాడు మెల్లగా ఫోన్ తీసి వాల్యూమ్ తగ్గించుకోవడం చూశాను. రెండు ఇయర్‌ఫోన్ల పోటీలో తేలింది ఇదే. చెవిలో బిగుతుగా కూర్చుని, బయటి రొదని ఆపి, తక్కువ సౌండుతో వినిపించేదే మంచిది. అది 1,500కీ దొరకొచ్చు. కానీ రోడ్డు మీద మాత్రం వద్దు. వెనకాల లారీ హారనూ వినబడదు.

ఇప్పుడు నాకు వినికిడి యంత్రాలు వచ్చాయి. వాటిలో ఉండే బుల్లి స్పీకరు ఏ రకమో తెలుసా? మావాడి ఖరీదైన ఇయర్‌ఫోన్‌లో సన్నటి శబ్దాలు పలికించే రకమే. అసలు వినికిడి యంత్రాల నుంచే అది ఇయర్‌ఫోన్లలోకి వెళ్లిందట.

పెట్టుకున్న మర్నాడు పొద్దున్నే వంటింట్లో ఏదో చిటపటమంటుంటే కంగారుగా వెళ్లాను. పోపులో ఆవాలు. తర్వాత అమ్మాయి రికార్డింగు గదిలో స్పీకరు మీద పెట్టాను. గజ్జెలు వినబడ్డాయి, నాకు గుర్తున్నంత తియ్యగా కాదు, కాస్త రేకు చప్పుడులా. అలవాటు కావాలన్నారు.

యంత్రాల బిల్లు మావాడి ఇయర్‌ఫోన్ల కంటే ఎక్కువే. ఈసారి మా ఆవిడ ఫ్రిజ్ మాట ఎత్తలేదు.